బిల్డ్ పూర్తయింది, ఎస్‌ఎస్‌ఎల్ మాత్రం రాలేదు: సెంటాస్ 7 మీద పైథాన్ 3.11 కేస్ స్టడీ

నేపథ్యం

2023 సెప్టెంబర్ నాటి కేసు ఇది. సంస్థ ఏదో, ఏ ఊళ్లో ఉందో ఇక్కడ అనవసరం. రోజువారీ లెక్కలను రాత్రిపూట సరిచూసే జాబ్‌లు సెంటాస్ 7 (ఒక లైనక్స్ ఓఎస్) సర్వర్ల మీద నడుస్తున్నాయి. అవే సర్వర్లలో బయటి వెండర్ సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. సెంటాస్ 7 కాకుండా వేరే సిస్టమ్ మీద పెడితే ఆ వెండర్ సపోర్ట్ ఇవ్వడు. కాబట్టి ఓఎస్ మార్చడం అప్పటికప్పుడు తేలే పని కాదు. అప్లికేషన్‌ను విడి కంటైనర్‌లో నడిపే డాకర్‌కు భద్రతా విభాగం అనుమతి లేదు. సర్వర్లకు బయటి ఇంటర్నెట్ లేదు. యమ్ (సెంటాస్‌లో ప్యాకేజీలు పెట్టే సాధనం) రిపోలకూ పైథాన్ ప్యాకేజీలకూ లోపలే మిర్రర్లు (నకలు సర్వర్లు) ఉన్నాయి, ప్యాకేజీల మిర్రర్ హెచ్‌టీటీపీఎస్ మీదే నడుస్తుంది.

సెంటాస్ 7తో వచ్చేది పైథాన్ 2.7. 7.7 నుంచి 3.6 కూడా దొరుకుతుంది. సాఫ్ట్‌వేర్ కలెక్షన్స్ రిపో నుంచి తెచ్చుకుంటే 3.8 వరకు వెళ్లొచ్చు. డెవలపర్లేమో ల్యాప్‌టాప్‌లలో 3.11 పెట్టుకుని రాశారు. కోడ్ నిండా 3.10లో వచ్చిన మ్యాచ్ వాక్యాలున్నాయి, కాన్ఫిగ్ ఫైళ్లు చదవడానికి 3.11లో వచ్చిన టామ్ల్‌లిబ్ మాడ్యూల్ ఉంది. వెనక్కి తగ్గించి రాయడం కంటే 3.11.5ను సోర్స్ నుంచి బిల్డ్ చేయడమే తేలికని టీమ్ అనుకుంది. ఆ నిర్ణయంలో తప్పేమీ లేదు.

వచ్చిన సమస్య

సోర్స్ బిల్డ్‌లోని మూడు ఆదేశాలు కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్ ఎర్రర్ లేకుండా ముగిశాయి. వెర్షన్ అడిగితే 3.11.5 అని చెప్పింది. పైథాన్ ప్యాకేజీలు పెట్టే పిప్ కూడా ఉంది. మొదటి ప్యాకేజీ పెట్టబోతే మాత్రం ఎన్‌క్రిప్టెడ్ కనెక్షన్లు చూసుకునే ఎస్‌ఎస్‌ఎల్ మాడ్యూల్ అందుబాటులో లేదని, అందువల్ల హెచ్‌టీటీపీఎస్ చిరునామాకు కనెక్ట్ కాలేనని పిప్ తేల్చింది. మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ అదే హెచ్చరికను అయిదారుసార్లు చూపించి ఆగిపోయింది.

ఇక్కడ రెండు విషయాలు అందరినీ తప్పుదారి పట్టించాయి. పిప్ ఉంది కాబట్టి ఇన్‌స్టాలేషన్ బాగానే జరిగిందన్న నమ్మకం మొదటిది. నిజానికి మేక్ ఇన్‌స్టాల్ సమయంలో పిప్‌ను పెట్టేది ఎన్‌ష్యూర్‌పిప్. అది పైథాన్ సోర్స్‌లోనే ఉన్న వీల్ (సిద్ధంగా కట్టిన ప్యాకేజీ) ఫైల్‌ను విప్పి పెడుతుంది, నెట్‌వర్క్‌ను ముట్టుకోదు. ఎస్‌ఎస్‌ఎల్ లేకపోయినా ఆ మెట్టు సాఫీగా దాటుతుంది. రెండోది ఎర్రర్‌లో "కనెక్ట్ కాలేను" అన్న మాట. అది చూడగానే వేలు ఫైర్‌వాల్ వైపు తిరిగింది.

డాక్యుమెంట్లలో ఏముంది

టీమ్ నాలుగు పేజీలు తెరిచి పెట్టుకుంది. నాలుగూ పైథాన్ అధికారిక పేజీలే, విడివిడిగా చూస్తే నాలుగూ సరైనవే. కలిపి చదివితేనే తేడా వస్తుంది.

సోర్స్‌తో వచ్చే రీడ్‌మీ మొదట్లోనే కాన్ఫిగర్, మేక్, మేక్ టెస్ట్, సుడో మేక్ ఇన్‌స్టాల్ అని నాలుగు ఆదేశాలు ఇస్తుంది. ముందుగా ఏ లైబ్రరీలు ఉండాలో ఆ చోట చెప్పదు. యూనిక్స్ మీద పైథాన్ వాడకం గురించిన పేజీ అదే మేక్ ఇన్‌స్టాల్ చూపించి, కిందనే ఒక హెచ్చరిక పెడుతుంది: ఇది సిస్టమ్‌లోని పైథాన్3 బైనరీ మీద రాసేయవచ్చు లేదా దాన్ని కప్పేయవచ్చు, కనుక మేక్ ఆల్ట్‌ఇన్‌స్టాల్ వాడమని. రీడ్‌మీలోనూ ఆల్ట్‌ఇన్‌స్టాల్ ప్రస్తావన ఉంది, కానీ చాలా కింద, ఒకటికి మించి వెర్షన్లు పెట్టుకునేవాళ్ల విభాగంలో. నాలుగు ఆదేశాలు కాపీ చేసుకున్నవాడు అంత దూరం వెళ్లడు.

మూడోది డెవలపర్ గైడ్. యమ్ ఉన్న సిస్టమ్‌లలో యమ్-బిల్డ్‌డెప్ పైథాన్3 నడిపితే కావలసినవి వచ్చేస్తాయంటుంది. ఈ కేసులో చిక్కుముడి ఇక్కడే పడింది. ఆ ఆదేశం చూసేది మీరు బిల్డ్ చేయబోయే పైథాన్‌ను కాదు, డిస్ట్రిబ్యూషన్‌లో ఉన్న పైథాన్3 ప్యాకేజీ అవసరాలను. సెంటాస్ 7లో ఆ పైథాన్3 అంటే 3.6. ఎస్‌ఎస్‌ఎల్ మాడ్యూల్ ఆధారపడే లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్. 3.6కు సరిపోయే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవెల్ 1.0.2కే (కే అన్నది వెర్షన్‌లోని అక్షరం) వచ్చి కూర్చుంది. జడ్‌లిబ్, లిబ్‌ఎఫ్‌ఎఫ్‌ఐ వంటి మిగతావన్నీ సరిగ్గానే వచ్చాయి. ఎనభై పాళ్లు సరైన సలహా ఇలాగే ముంచుతుంది. పూర్తిగా తప్పయి ఉంటే మొదటి గంటలోనే బయటపడేది.

నాలుగోది కాన్ఫిగర్ ఆప్షన్ల పేజీలో బిల్డ్‌కు కావలసిన కనీస వెర్షన్ల జాబితా. సీ11 కంపైలర్ కావాలి, ఎస్‌ఎస్‌ఎల్, హ్యాష్‌లిబ్ మాడ్యూళ్లకు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1 లేదా ఆపైది కావాలని అక్కడ స్పష్టంగా ఉంది. కానీ అదే పేజీలో మార్పుల చరిత్ర కూడా ఉంటుంది: 3.7 నుంచి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.0.2 తప్పనిసరి, 3.10 నుంచి 1.1.1 తప్పనిసరి. రెండు వాక్యాలూ "ఇప్పుడు తప్పనిసరి" అనే ధోరణిలోనే ఉంటాయి. టీమ్‌లో ఒకరు 3.7 వాక్యం చదివి, సర్వర్‌లో 1.0.2కే ఉందని చూసి, ఈ అంశం సరిపోయిందని టిక్ పెట్టారు. తర్వాత మూడు రోజుల పాటు ఆ టిక్‌ను మళ్లీ ఎవరూ ప్రశ్నించలేదు.

3.10లో ఈ మార్పు పెప్ 644 (పైథాన్‌లో మార్పుల ప్రతిపాదన పత్రం) ద్వారా వచ్చింది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.0.2కు దాని తయారీదారుల సపోర్ట్ 2019 చివరితోనే ముగిసింది, పైథాన్ దాన్ని వదిలేయడం సమంజసమే. రెడ్‌హ్యాట్ 7 కుటుంబం (సెంటాస్ 7 అందులోదే) మాత్రం భద్రతా సవరణలను తానే వెనక్కి తెచ్చుకుంటూ 1.0.2కేను 2024 దాకా నడిపింది. ఇద్దరి లెక్కా ఎవరికి వారికి సరైనదే. ఆ రెండు లెక్కల మధ్య ఇరుక్కున్నది ఈ టీమ్.

అసలు గందరగోళం "తప్పనిసరి" అన్న మాటలో ఉంది. డాక్యుమెంట్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కనీస అవసరం. బిల్డ్ స్క్రిప్ట్ దృష్టిలో ఎస్‌ఎస్‌ఎల్ ఐచ్ఛిక మాడ్యూల్. దొరకకపోతే ఒక వాక్యం ముద్రించి ముందుకు పోతుంది, సక్సెస్ కోడ్‌తోనే ముగుస్తుంది. జడ్‌లిబ్ కూడా ఇదే జాబితాలోని ఐచ్ఛిక మాడ్యూలే, కానీ అది లేకపోతే ఎన్‌ష్యూర్‌పిప్ వీల్‌ను విప్పలేక అక్కడే కూలుతుంది, వెంటనే తెలిసిపోతుంది. ఎస్‌ఎస్‌ఎల్‌కు ఆ అదృష్టం లేదు.

ఏం ప్రయత్నించారు, ఎందుకు కుదరలేదు

మొదటి రెండు రోజులు నెట్‌వర్క్ విభాగంతో గడిచాయి. పుండు ఒకచోట, మందు ఒకచోట. పిప్‌కు ట్రస్టెడ్-హోస్ట్ ఆప్షన్ ఇచ్చి చూశారు. ఆ ఆప్షన్ సర్టిఫికెట్ తనిఖీని మాత్రమే సడలిస్తుంది. టీఎల్ఎస్ (హెచ్‌టీటీపీఎస్ వెనకున్న ఎన్‌క్రిప్షన్ పద్ధతి) మాట్లాడే మాడ్యూలే లేనప్పుడు సడలించడానికి ఏమీ ఉండదు, అదే ఎర్రర్ వచ్చింది. తర్వాత మిర్రర్‌ను తాత్కాలికంగా హెచ్‌టీటీపీ మీద తెరిపించారు. పిప్ పనిచేసింది, ప్యాకేజీలు వచ్చాయి, సమస్య తీరిందని టికెట్ మూసేశారు. ఆ రాత్రి జాబ్ మరో ఏపీఐకి హెచ్‌టీటీపీఎస్‌తో కాల్ చేయబోయి మొదటి ఇంపోర్ట్ దగ్గరే ఆగిపోయింది. లక్షణం పోయి రోగం మిగిలింది.

అప్పుడు గానీ ఎవరూ పైథాన్ షెల్‌లో ఇంపోర్ట్ ఎస్‌ఎస్‌ఎల్ అని కొట్టి చూడలేదు. అర నిమిషం పని అది. నెట్‌వర్క్‌తో సంబంధం లేకుండా తేల్చే పరీక్ష అదొక్కటే కాబట్టి మొదటి రోజే చేయాల్సింది.

మేక్ లాగ్ చివర్లో విషయమంతా ఉంది: ఈ ఐచ్ఛిక మాడ్యూళ్లకు కావలసినవి దొరకలేదంటూ అండర్‌స్కోర్ ఎస్‌ఎస్‌ఎల్, అండర్‌స్కోర్ హ్యాష్‌లిబ్ పేర్లు, కింద ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1 లేదా ఆపైది కావాలన్న వాక్యం. కానీ మేక్‌ను ఎనిమిది సమాంతర పనులతో నడిపి, తెరమీద పరిగెత్తే అక్షరాలను ఎవరూ దాచుకోలేదు. కాన్ఫిగర్ అవుట్‌పుట్‌లో రెండు వరుసలు ఇంకా తమాషాగా ఉంటాయి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో కంపైల్, లింక్ పనిచేస్తుందా అన్నదానికి "ఎస్", ఎస్‌ఎస్‌ఎల్ మాడ్యూల్‌కు కావలసిన ఏపీఐలు ఉన్నాయా అన్నదానికి "నో". మొదటి వరుస చూసి ఊరట పడ్డవాళ్లు రెండో వరుస దాకా చదవరు.

మేక్ టెస్ట్ నడిపి ఉంటే దొరికేదా? దొరికేది కాదు. ఎస్‌ఎస్‌ఎల్ మాడ్యూల్ లేకపోతే దాని పరీక్ష ఫెయిల్ కాదు, స్కిప్ అవుతుంది. స్కిప్‌ల జాబితాను పని గట్టుకుని చదివేవాళ్లు తక్కువ.

కారణం తెలిశాక రెండో విడత తప్పులు మొదలయ్యాయి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1కు అసలు తయారీదారుల సపోర్ట్ 2023 సెప్టెంబర్ 11న ముగిసింది. అంటే పైథాన్ చెప్పే కనీస వెర్షన్ సరిగ్గా ఆ వారమే పాతబడింది. అందుకని టీమ్ 3.0ను సోర్స్ నుంచి బిల్డ్ చేయాలనుకుంది. ఆలోచన మంచిదే, దారిలో గుంతలు ఎక్కువ.

మొదటి గుంత పెర్ల్. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.0 కాన్ఫిగర్ స్క్రిప్ట్‌కు ఐపీసీ-కమాండ్ అనే పెర్ల్ మాడ్యూల్ కావాలి, సెంటాస్ 7లో దాన్ని విడిగా పెట్టుకోవాలి. ఇది పెద్ద విషయం కాదు, ఎర్రర్ స్పష్టంగానే చెబుతుంది.

రెండోది లిబ్64. 64-బిట్ లైనక్స్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.0 తన లైబ్రరీలను లిబ్64 ఫోల్డర్‌లో పెడుతుంది. పైథాన్ కాన్ఫిగర్‌కు విత్-ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఆప్షన్‌తో దారి ఇస్తే అది ఆ దారి కింద ఇన్‌క్లూడ్, లిబ్ అనే రెండు ఫోల్డర్లనే చూస్తుంది. లిబ్64 వైపు తిరగదు. హెడర్లు 3.0వి దొరికి, లైబ్రరీలు సిస్టమ్ 1.0.2వి తగిలి లింక్ తప్పింది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ బిల్డ్‌కు లిబ్‌డిర్ ఆప్షన్‌తో లిబ్ అని ఇస్తే ఇది తీరుతుంది.

మూడోది రన్‌టైమ్. బిల్డ్ అయ్యాక లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 ఫైల్ దొరకలేదన్న ఎర్రర్ వచ్చింది. ఎవరో లైబ్రరీలను ఎక్కడ వెతకాలో చెప్పే ఎల్‌డీ లైబ్రరీ పాత్ వేరియబుల్‌ను తమ ప్రొఫైల్ ఫైల్‌లో పెట్టారు. టెర్మినల్‌లో అన్నీ పనిచేశాయి. జాబ్‌లను వేళకు నడిపే క్రాన్ ఆ ప్రొఫైల్‌ను చదవదు, కాబట్టి రాత్రి జాబ్ మళ్లీ పడింది. సరైన పద్ధతి 3.10లో వచ్చిన విత్-ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్-ఆర్‌పాత్ ఆప్షన్‌కు ఆటో అని ఇవ్వడం. అప్పుడు లైబ్రరీ దారి మాడ్యూల్ ఫైల్‌లోనే ఉంటుంది, ఎవరి ఎన్విరాన్‌మెంట్‌తోనూ పని లేదు.

నాలుగోది అన్నిటికంటే దొంగది. ఇవన్నీ సరిచేశాక పిప్ పనిచేసింది, అప్లికేషన్ మాత్రం సర్టిఫికెట్ తనిఖీ విఫలమైందని చెప్పింది. పిప్ తన వెంట తెచ్చుకునే సర్టిఫికెట్ కట్టను వాడుతుంది. మిర్రర్ సర్టిఫికెట్ కోసం పిప్ కాన్ఫిగ్‌లో విడిగా దారి కూడా ఇచ్చి ఉంది. స్టాండర్డ్ లైబ్రరీలోని యూఆర్ఎల్‌లిబ్ మాత్రం ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ చూపించే డిఫాల్ట్ ఫోల్డర్‌ను నమ్ముకుంటుంది. సొంతంగా బిల్డ్ చేసిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కు ఆ ఫోల్డర్ దాని ఇన్‌స్టాల్ దారి కిందే ఉంటుంది, ఖాళీగా. బిల్డ్ సమయంలోనే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌డిర్ ఆప్షన్‌కు /ఈటీసీ/పీకేఐ/టీఎల్ఎస్ ఇస్తే సిస్టమ్ సర్టిఫికెట్లనే చూస్తుంది. పైథాన్ ఎక్కడ చూస్తోందో ఎస్‌ఎస్‌ఎల్ మాడ్యూల్‌లోని గెట్-డిఫాల్ట్-వెరిఫై-పాత్స్ ఫంక్షన్ చెబుతుంది.

నాలుగు గుంతలూ పూడ్చుకుంటే 3.0 దారి నడుస్తుంది. కానీ ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకోవాల్సి వచ్చింది: వచ్చే నెల ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో లోపం బయటపడితే ప్యాచ్ ఎవరు వేస్తారు? సొంత బిల్డ్‌ను యమ్ అప్‌డేట్ పట్టించుకోదు. టీమ్‌లో ఆ బాధ్యత తీసుకునే మనిషి లేడు. దారి మార్చింది ఈ ఒక్క కారణంతోనే.

ఏది పనిచేసింది

రెడ్‌హ్యాట్ కుటుంబానికి అదనపు ప్యాకేజీలు ఇచ్చే ఈపెల్ 7 రిపోలో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్11 అనే ప్యాకేజీ ఉంది, వెర్షన్ 1.1.1కే. సిస్టమ్ 1.0.2తో తగవు పడకుండా పక్కన కూర్చునేలా తయారు చేశారు. హెడర్లు /యుఎస్ఆర్/ఇన్‌క్లూడ్/ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్11 కింద, లింక్ చేయడానికి కావలసినవి /యుఎస్ఆర్/లిబ్64/ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్11 కింద ఉంటాయి. రన్‌టైమ్ లైబ్రరీ మామూలు లిబ్64లోనే ఉంటుంది కాబట్టి ఆర్‌పాత్ గొడవ లేదు. ప్యాచ్‌లు యమ్‌తోనే వస్తాయి. ఓఎస్ మార్పు ఎలాగూ 2024 జూన్ 30లోపు జరగాలి, ఆ లోపు ఇది చాలు.

చిక్కల్లా ఫోల్డర్ల అమరికే. పైథాన్ కాన్ఫిగర్‌కు ఒకే దారి కింద ఇన్‌క్లూడ్, లిబ్ కావాలి. చాలామంది కాన్ఫిగర్ ఫైల్‌లోనే సెడ్ ఆదేశంతో పీకేజీ-కాన్ఫిగ్ (లైబ్రరీ దారులు చెప్పే సాధనం) అడిగే పేరును ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ నుంచి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్11గా మారుస్తారు. అదీ పనిచేస్తుంది. కానీ సోర్స్‌ను మార్చితే రేపు 3.11.6 వచ్చినప్పుడు ఆ మార్పు మళ్లీ గుర్తుంచుకోవాలి. దాని బదులు /ఆప్ట్/ఓఎస్ఎస్ఎల్11 అనే ఖాళీ ఫోల్డర్ చేసి, అందులో ఇన్‌క్లూడ్, లిబ్ పేర్లతో పై రెండు ఫోల్డర్లకు సింబాలిక్ లింకులు పెట్టారు. సోర్స్ ముట్టుకోకుండా పని అయిపోయింది.

చివరికి నిలిచిన క్రమం ఇది:

1. బిల్డ్ మెషీన్‌లో జీసీసీ, మేక్, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్11-డెవెల్, జడ్‌లిబ్, బీజిప్2, ఎక్స్‌జడ్, లిబ్‌ఎఫ్‌ఎఫ్‌ఐ, ఎస్‌క్యూలైట్, రీడ్‌లైన్, ఎన్‌కర్సెస్, జీడీబీఎం, లిబ్‌యూయూఐడీ డెవెల్ ప్యాకేజీలు. సర్వర్ కాబట్టి టీకే (తెరమీద విండోల లైబ్రరీ) వదిలేశారు.
2. సోర్స్‌ను కొత్త ఫోల్డర్‌లో మళ్లీ విప్పడం. పాత ఫోల్డర్‌లో వెనకటి ప్రయత్నపు ఆబ్జెక్ట్ ఫైళ్లు మిగిలి ఉంటాయి.
3. కాన్ఫిగర్‌కు ప్రిఫిక్స్ /ఆప్ట్/పైథాన్311, విత్-ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ /ఆప్ట్/ఓఎస్ఎస్ఎల్11. ఏపీఐల వరుసలో "ఎస్" వచ్చేదాకా మేక్ నడపకూడదు.
4. మేక్ అవుట్‌పుట్‌ను ఫైల్‌లో దాచి, దొరకని మాడ్యూళ్ల జాబితాను చదవడం. ఇక్కడ టీకే మీద ఆధారపడే టీకింటర్ ఒక్కటే మిగలాలి.
5. మేక్ ఆల్ట్‌ఇన్‌స్టాల్. మేక్ ఇన్‌స్టాల్ కాదు.

కంపైలర్ విషయంలోనూ ఇలాంటి తికమకే ఉంది. సెంటాస్ 7లో జీసీసీ 4.8.5. డాక్యుమెంట్ సీ11 అంటుంది, 4.8.5లో సీ11 పూర్తిగా లేదు. అయితే అదే వాక్యం వెనకే సీ11లోని ఐచ్ఛిక అంశాలు అక్కర్లేదని ఉంది. 3.11 దీనితో బిల్డ్ అవుతుంది కూడా. కానీ రీడ్‌మీ సిఫారసు చేసే ఎనేబుల్-ఆప్టిమైజేషన్స్ ఆప్షన్ చేర్చితే మధ్యలో రన్‌పై మాడ్యూల్ ఇంపోర్ట్ కాలేదంటూ బిల్డ్ ఆగిపోతుంది. అది పాత జీసీసీ వల్ల వచ్చేదే, పైథాన్ సోర్స్ పాడైపోయి కాదు. అందుకే ముందు ఆప్టిమైజేషన్ లేకుండా బిల్డ్ చేసి ఎస్‌ఎస్‌ఎల్ సంగతి తేల్చుకున్నారు. తర్వాతే కొత్త జీసీసీ ఉన్న డెవ్‌టూల్‌సెట్-11 పెట్టి, దానితో ఆప్టిమైజేషన్ బిల్డ్ చేశారు. రెండు మార్పులు ఒకేసారి చేసి ఉంటే ఏ ఎర్రర్ దేనివల్లో విడదీయడం కష్టమయ్యేది.

పరీక్షకు ఒక చిన్న స్క్రిప్ట్ రాశారు. ఎస్‌ఎస్‌ఎల్, సీటైప్స్, ఎస్‌క్యూలైట్3, ఎల్‌జడ్‌ఎమ్‌ఏ, బీజడ్2, జడ్‌లిబ్ ఇంపోర్ట్ చేస్తుంది. హ్యాష్‌లిబ్ బదులు అండర్‌స్కోర్‌తో మొదలయ్యే లోపలి మాడ్యూల్‌ను అడుగుతుంది. ఎందుకంటే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లేకపోయినా హ్యాష్‌లిబ్ ఇంపోర్ట్ అవుతుంది. ఎండీ5, షా256 లాంటివి పైథాన్ సొంత అమలుతో నడుస్తాయి, స్క్రిప్ట్ లాంటి కొన్ని ఫంక్షన్లు మాత్రం మాయమవుతాయి (ఇక్కడ స్క్రిప్ట్ అంటే పాస్‌వర్డ్ హ్యాష్ పద్ధతి, షెల్ స్క్రిప్ట్ కాదు). చివర్లో పైథాన్ ఏ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో లింక్ అయిందో ముద్రిస్తుంది. దీన్ని ఎన్వ్ ఆదేశానికి మైనస్ ఐ ఇచ్చి, ఎన్విరాన్‌మెంట్ అంతా ఖాళీ చేసి నడపాలి. క్రాన్‌కు కనిపించే లోకం దాదాపు అదే. ఈ పరీక్ష మొదటి వారం ఉండి ఉంటే ప్రొఫైల్ ఫైల్ కిటుకు అప్పుడే బయటపడేది.

ప్రతి సర్వర్‌లో మళ్లీ కంపైల్ చేయలేదు. /ఆప్ట్/పైథాన్311ను కట్టగట్టి అదే దారికి విప్పారు. ప్రిఫిక్స్ మారితే కుదరదు. టార్గెట్ సర్వర్లకు డెవెల్ ప్యాకేజీలు అక్కర్లేదు, కానీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్11-లిబ్స్ ఉండాలి. ఒక సర్వర్‌లో అది మరచిపోతే పరీక్ష స్క్రిప్ట్ మొదటి వరుసలోనే పట్టుకుంది.

ఈ కేసు తర్వాత మారినవి

పైథాన్ డాక్యుమెంట్ చిరునామాలో 3 మాత్రమే ఉంటే అది ఎప్పుడూ తాజా వెర్షన్ పేజీకే వెళుతుంది. 3.11 బిల్డ్ చేస్తూ ఆ తర్వాతి వెర్షన్ అవసరాలు చదివేస్తారు. ఉదాహరణకు 3.13కు ఎస్‌క్యూలైట్ కనీస వెర్షన్ 3.15.2. సెంటాస్ 7లో ఉన్నది 3.7.17, అది 3.11కు సరిపోతుంది గానీ 3.13కు చాలదు. అందుకని టీమ్ రన్‌బుక్ (పని చేసే పద్ధతి రాసుకున్న పత్రం)లోని లింకులన్నిటినీ 3.11 ఉన్న చిరునామాలకు మార్చారు.

రన్‌బుక్‌లో ప్రతి అవసరం పక్కన ఇప్పుడు మూడు గడులున్నాయి: లేకపోతే ఏది ఆగుతుంది, ఎప్పుడు తెలుస్తుంది, ఏ ఆదేశంతో తేల్చుకోవాలి. జడ్‌లిబ్ వరుసలో రెండో గడి "ఇన్‌స్టాల్‌లోనే", ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వరుసలో "మొదటి హెచ్‌టీటీపీఎస్ కాల్ దాకా తెలియదు". వెర్షన్ అంకెల కన్నా ఈ రెండో గడే ఎక్కువ పనికొస్తోంది. బిల్డ్ స్క్రిప్ట్ కూడా ఇప్పుడు ఎస్‌ఎస్‌ఎల్ ఇంపోర్ట్ కాకపోతే తనంతట తానే ఫెయిల్ అవుతుంది.

సిస్టమ్ పైథాన్ జోలికి వెళ్లకూడదన్నది పాత మాటే, అయినా మధ్యలో ఒకరు /యుఎస్ఆర్/బిన్ లోని పైథాన్ లింకును 3.11 వైపు తిప్పారు. యమ్ పైథాన్ 2.7లో రాసినది. మరుక్షణం సింటాక్స్ ఎర్రర్‌తో కూలింది. లింకు వెనక్కి తిప్పితే సరిపోయింది.

2024 జూన్ 30తో సెంటాస్ 7 ముగిసింది, రిపోలు వాల్ట్‌కు (పాత వెర్షన్ల నిల్వకు) మారాయి, ఈపెల్ 7 ఆర్కైవ్‌లోకి వెళ్లింది. అంతకు ముందే వెండర్ కొత్త సపోర్ట్ ఇవ్వడంతో సర్వర్లు ఆల్మాలైనక్స్ 9కు మారాయి. అక్కడ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 సిరీస్ సిస్టమ్‌తోనే వస్తుంది, 9.2 నుంచి పైథాన్ 3.11 డీఎన్ఎఫ్‌తోనే (యమ్ స్థానంలో వచ్చిన సాధనంతోనే) దొరుకుతుంది. /ఆప్ట్/ఓఎస్ఎస్ఎల్11 ఫోల్డర్‌ను కొత్త సర్వర్లకు తీసుకెళ్లలేదు. పరీక్ష స్క్రిప్ట్‌ను మాత్రం తీసుకెళ్లారు, దారి ఒక్కటే మార్చి.